వారంలో నాలుగు పొద్దులు, ఏడాదికో టూర్: ఒకే సైకిల్ ఎంచుకున్న కేసు

ఫిట్‌నెస్‌కీ టూరింగ్‌కీ కలిపి ఒకే సైకిల్ కావాలని వచ్చేవాళ్లు దాదాపు అందరూ మొదట అడిగేది ఒకటే: "హైబ్రిడ్ తీసుకోవాలా, రోడ్ బైకా, గ్రావెల్ బైకా?" హైబ్రిడ్ అంటే తిన్నటి హ్యాండిల్‌తో నిటారుగా కూర్చుని తొక్కేది, రోడ్ బైక్ అంటే సన్న టైర్లూ కిందికి వంగిన హ్యాండిలూ ఉన్నది, గ్రావెల్ బైక్ అంటే అదే హ్యాండిల్‌తో వెడల్పు టైర్లు పట్టేది. నా పని సైకిల్ ఫిట్టింగ్. అంటే మనిషి కొలతలకీ వాడకానికీ సైకిల్‌ని సరిపెట్టడం. అందుకే ఆ ప్రశ్నకి వెంటనే జవాబు చెప్పను. ఒక్కసారి ఎక్కితే ఎంతసేపు కూర్చుంటారు, ఎంత బరువు వేసుకుంటారు, ఆ బరువుతో ఎలాంటి ఎత్తులు ఎక్కాలి, ఇప్పుడున్న సైకిల్ మీద ఒంట్లో ఏది ముందు మొరాయిస్తోంది, ఇవి అడుగుతాను. ఇవి తేలితే సైకిల్ రకం దానంతటదే తేలుతుంది. తేలకుండా రకం ఎంచుకుంటే మాత్రం ఎంత మంచి సైకిలైనా గోడకి ఆనించి ఉండిపోతుంది. ఈ కేసులో ఆ క్రమం బాగా కనబడుతుంది కాబట్టి లెక్కలతో సహా రాస్తున్నాను. ఎవరో గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొలతలు మాత్రం ఉన్నవే.

ఆమెకి 43 ఏళ్లు. ఎత్తు 162 సెం.మీ., కాలి లోపలి కొలత 75 సెం.మీ., బరువు 68 కిలోలు. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. వారంలో నాలుగు రోజులు పొద్దున్నే గంటంబావు తొక్కుతారు, 25 కి.మీ. అటూ ఇటూగా. ఏడాదికి ఒకసారి స్నేహితులతో కలిసి పది రోజుల టూర్, రోజుకి 60 నుంచి 80 కి.మీ., సామాను ఎవరిది వాళ్లే మోసుకుంటారు, వెనకాల కారు రాదు. అప్పటికే ఒక టూర్ చేసివచ్చారు, తన పాత హైబ్రిడ్ మీద. ఆ టూర్‌లో రెండు కష్టాలు పడ్డారు. గంట దాటితే ఉంగరం వేలు, చిటికెన వేలు మొద్దుబారిపోయేవి. ఎత్తు వస్తే దిగి తోసుకుంటూ నడవాల్సి వచ్చేది.

నా దగ్గరికి వచ్చేసరికి రెండు సైకిళ్లు మనసులో పెట్టుకుని వచ్చారు. ఒకటి కార్బన్ రేస్ బైక్, ఎనిమిది కిలోలు, "తేలిగ్గా ఉంటే ఎత్తులు ఈజీగా ఎక్కేస్తాం కదండీ" అని ఒక స్నేహితుడి సలహా. రెండోది అసలు సిసలు టూరింగ్ బైక్, స్టీల్ ఫ్రేమ్, ముందూ వెనకా క్యారియర్లతో కలిపి పదహారు కిలోలు, ఇది ఇంకో స్నేహితుడి సలహా. ఇద్దరూ తమ తమ వాడకానికి సరైన సలహానే ఇచ్చారు. ఆమె వాడకం మాత్రం వాళ్లిద్దరి మధ్యలో ఎక్కడో ఉంది.

ముందు పాత సైకిల్నే చూశాను. కొత్తది కొనాలని నిర్ణయించుకుని వచ్చినవాళ్లకి ఇది విసుగ్గానే ఉంటుంది, కానీ ఒంటికి ఏం జరుగుతోందో చెప్పే సాక్ష్యం పాత సైకిల్ దగ్గరే ఉంటుంది. సీటు ముక్కు కిందికి బాగా వంగి ఉంది. మెత్తగా ఉంటుందని అలా వంచుకున్నారట. సీటు ముందుకి వాలితే ఒళ్లు ముందుకి జారుతూనే ఉంటుంది, ఆ జారుడుని ఆపేది చేతులే. అరిచేతిలో చిటికెన వేలి వైపు, మణికట్టు దగ్గర, అల్నార్ అనే నరం ఒక ఇరుకు దారి గుండా వెళ్తుంది. అక్కడ గంటల తరబడి నొక్కుకుంటే సరిగ్గా ఆ రెండు వేళ్లే మొద్దుబారతాయి. సైకిల్ తొక్కేవాళ్లలో ఇది బాగా తెలిసిన ఇబ్బంది. ఒక్కమాట చెప్పాలి, సైకిల్ దిగాక కూడా మొద్దుబారడం పోకపోయినా, పట్టు సడలి వస్తువులు జారిపోతున్నా ఫిట్టర్ దగ్గరికి కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఈమెకి దిగిన పావుగంటలో తగ్గిపోతోంది కాబట్టి పని మొదలుపెట్టాం.

సీటు సమంగా చేశాం. ఎత్తు కూడా సరిచేశాం: కాలి లోపలి కొలతని 0.883 తో గుణిస్తే పెడల్ ఇరుసు (ఫ్రేమ్ అడుగున పెడళ్ల చేతులు రెండూ తిరిగే ఇరుసు) మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన దూరం వస్తుంది, ఆమెకి 66.2 సెం.మీ. ఇది మొదలుపెట్టడానికి పనికొచ్చే అంకె మాత్రమే, అక్కణ్ణుంచి మోకాలి వంపు చూసి అర సెంటీమీటరో, ఒక సెంటీమీటరో మారుస్తాం. పెడల్ అడుగున ఉన్నప్పుడు మోకాలు 25 నుంచి 35 డిగ్రీలు వంగి ఉండాలి. ఆమె సీటు అప్పటిదాకా దాదాపు నాలుగు సెంటీమీటర్లు తక్కువగా ఉంది. కింద కాలు పూర్తిగా ఆనాలని అలా పెట్టుకున్నారు. చాలామంది చేసేదే ఇది, ఆగేటప్పుడు సీటు మీంచి ముందుకి దిగి కాలు ఆనించడం అలవాటైతే ఈ భయం పోతుంది.

ఈ రెండు మార్పులతో వేళ్ల ఇబ్బంది సగానికి తగ్గింది, పూర్తిగా పోలేదు. కారణం హ్యాండిలే. ఫ్లాట్ బార్, అంటే తిన్నటి హ్యాండిల్, మీద చెయ్యి పెట్టడానికి ఒకే చోటు ఉంటుంది, అరిచెయ్యి కిందికి తిరిగి, బరువంతా ఒకే బిందువు మీద. గంటంబావు తొక్కే ఫిట్‌నెస్ రైడ్‌లో దీన్ని ఓర్చుకోవచ్చు. రోజుకి ఆరేడు గంటలు, వరసగా పది రోజులంటే మాత్రం చేతులకి మూడు నాలుగు చోట్లు మార్చుకునే వీలుండాలి. హ్యాండిల్ కొసలకి బిగించే చిన్న కొమ్ములు, బార్ ఎండ్స్, బిగిస్తే కొంత మెరుగవుతుంది. ఆమెకి అవి బిగించి రెండు వారాలు తొక్కమన్నాను. పొద్దుటి రైడ్లకి సరిపోయాయి. ఆమె వాడకం అంతవరకే అయితే ఈ కేసు ఇక్కడే ముగిసేది, కొత్త సైకిల్ అక్కర్లేదని చెప్పి పంపేవాణ్ణి.

"పోనీ ఇదే సైకిల్‌కి డ్రాప్ బార్ వేయించుకుంటేనో?" అన్నారు. డ్రాప్ బార్ అంటే ముందుకి సాగి కిందికి వంగిన హ్యాండిల్. ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. సైకిల్ ఫ్రేమ్‌కి రెండు కొలతలు ముఖ్యం. పెడల్ ఇరుసు నుంచి నిలువుగా పైకి, హ్యాండిల్ దూరే గొట్టం పైభాగం దాకా ఎంత ఎత్తుందో అది స్టాక్. అదే బిందువు దాకా అడ్డంగా ముందుకి ఎంత దూరం ఉందో అది రీచ్. ఫ్లాట్ బార్ ఫ్రేమ్‌ని కావాలనే పొడుగు రీచ్‌తో చేస్తారు, ఎందుకంటే ఫ్లాట్ బార్ ముందుకి సాగదు, చేతులు స్టెమ్ (హ్యాండిల్‌ని ఫ్రేమ్‌కి కలిపే ముక్క) దగ్గరే ఉంటాయి. డ్రాప్ బార్ అయితే స్టెమ్ దాటి ఇంకో ఏడెనిమిది సెంటీమీటర్లు ముందుకి వెళ్లి, దాని ముందు హుడ్స్ (బ్రేక్ లివర్ల మీద చెయ్యి ఆనించే భాగం) వస్తాయి. ఆమె పాత ఫ్రేమ్ రీచ్ 395 మి.మీ. దానికి డ్రాప్ బార్ బిగిస్తే ఆమె ఎత్తున్న మనిషికి హుడ్స్ అందుకోవడమంటే నడుం సాగదీసి పడుకున్నట్టే. పైగా ఆ సైకిల్ వీ-బ్రేకులకి (రిమ్‌ని రెండు వైపులా నొక్కే రకం) ఎక్కువ కేబుల్ లాగే లివర్లు కావాలి, డ్రాప్ బార్ లివర్లు తక్కువ లాగుతాయి, మధ్యలో ఇంకో అడాప్టర్ పెట్టాలి. గేర్ షిఫ్టర్లు కూడా మార్చాలి. ఇంత చేసినా సైజు సమస్య అలాగే ఉంటుంది. వద్దన్నాను.

ఇక నడిచి ఎక్కాల్సి వచ్చిన ఎత్తుల సంగతి. ఇక్కడే ఈ కేసు తేలింది, కాబట్టి లెక్క మొత్తం పెడుతున్నాను.

సైకిల్‌ని కదలకుండా నిలిపి తొక్కే పరికరం, ట్రైనర్, మీద పెట్టి చూస్తే ఆమె మాట్లాడుతూ హాయిగా తొక్కగలిగేది 105 నుంచి 110 వాట్లు. గట్టిగా ప్రయత్నిస్తే ఇరవై నిమిషాలు 150 వాట్లు. టూర్‌లో ఎత్తులు ఒకటి తర్వాత ఒకటి వస్తాయి, మర్నాడు కూడా వస్తాయి, కాబట్టి లెక్కకి 110 నే తీసుకోవాలి, 150 ని కాదు. మనిషి, సైకిల్, సామాను, నీళ్లు అన్నీ కలిపి 100 కిలోలు అనుకుందాం. ఏడు శాతం ఎత్తు, అంటే వంద మీటర్లు వెళ్తే ఏడు మీటర్లు పైకి. ఈ బరువుని అలాంటి ఎత్తు మీద కదిలించాలంటే వాలు వల్లా టైరు రాపిడి వల్లా సుమారు 75 న్యూటన్ల బలం కావాలి. ఆ వేగంలో గాలి పెద్ద లెక్కలోకి రాదు. బలాన్ని వేగంతో గుణిస్తే వాట్లు. అంటే ఎంత నెమ్మదిగా వెళ్లగలిగితే అంత తక్కువ శక్తి చాలు. మరి ఎంత నెమ్మదిగా వెళ్లగలమన్నది తేల్చేది కాళ్లు కాదు, అతి చిన్న గేరు. నిమిషానికి 60 సార్లయినా పెడల్ తిరగకపోతే మోకాళ్ల మీద భారం పడుతుంది, 50 కంటే తగ్గితే చాలామందికి తొక్కడం ఈడ్చినట్టే ఉంటుంది.

కార్బన్ రేస్ బైక్ తీసుకోండి. ముందు, పెడళ్ల దగ్గరి గేరు చక్రాల్లో చిన్నదానికి 34 పళ్లు, వెనక గేర్లలో పెద్దదానికి 30. పెడల్ ఒక చుట్టుకి సైకిల్ 2.4 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 చుట్లంటే గంటకి 8.7 కి.మీ., దానికి కావాల్సింది 180 వాట్ల పైమాటే. ఈమె హాయిగా ఇవ్వగలిగేది 110. మిగతా 70 ఎక్కణ్ణుంచి వస్తాయి? రావు, దిగి నడవాలి. పాత హైబ్రిడ్‌లో అతి చిన్న గేరు 28కి 28, అంటే 160 వాట్లు. అందుకే టూర్‌లో నడిచారు. ఆమె మాత్రం ఇన్నాళ్లూ తనకి స్టామినా లేదని అనుకున్నారు, ఎవరో అన్నారు కూడానట. లెక్క చూపించాక ఆమె ముఖంలో వచ్చిన మార్పు చూస్తే నాకు చాలా సంతోషమేసింది. ఇరవై ఎనిమిది పళ్ల దగ్గర ఆగిపోయిన గేరుకి మనిషిని తప్పు పట్టడం అన్యాయం.

ఇప్పుడు ముందు 30, వెనక 36 పళ్లు ఉన్న సైకిల్ చూడండి. చుట్టుకి 1.8 మీటర్లు. అరవై చుట్లకి 136 వాట్లు, యాభై చుట్లకి దాదాపు 114. అందుబాటులోకి వచ్చేసింది. టూరింగ్ బైక్‌లో ముందు 26, వెనక 36: అరవై చుట్లకే 118 వాట్లు. ఇది ఇంకా మంచిది.

మరి "తేలిగ్గా ఉంటే ఈజీగా ఎక్కేస్తాం" అన్న మాట? సైకిల్ లేదా సామాను అయిదు కిలోలు తగ్గిస్తే వంద కిలోలకి తొంభై అయిదు, అంటే అయిదు శాతం. అదే వేగంలో 136 వాట్లు 129 అవుతాయి. లాభమే, కాదనను. కానీ గేరు మార్చడం వల్ల 180 నుంచి 136 కి వచ్చాం, నలభై అయిదు వాట్లు. సైకిల్ బరువు తగ్గించుకోవడానికి ఎంత డబ్బు పోస్తారో, గేరు పళ్ల గురించి అంత తక్కువ ఆలోచిస్తారు. నేను ఎవరితోనైనా మొదట చెప్పేది ఇదే: కొనే ముందు ఆ సైకిల్ ముందు చిన్న చక్రం పళ్లు, వెనక పెద్ద చక్రం పళ్లు లెక్కపెట్టండి. లోడ్‌తో ఎత్తులు ఎక్కాలంటే వెనకది ముందుదాని కంటే పెద్దదిగా ఉండాలి.

గేరు లెక్క ఒక్కటే చూస్తే టూరింగ్ బైకే గెలవాలి. కానీ ఆమె ఏడాదిలో తొక్కేదాంట్లో చాలా భాగం పొద్దుటి రైడ్లే. పదహారు కిలోల సైకిల్‌ని రోజూ మూడో అంతస్తు నుంచి దింపి ఎక్కించాలి. ఆ రకం సైకిళ్లు బరువు వేస్తేనే నిలకడగా నడుస్తాయి, ఖాళీగా తొక్కితే కాస్త మొద్దుగా అనిపిస్తాయి. రోజూ తీయబుద్ధి కాని సైకిల్ ఫిట్‌నెస్‌కి పనికిరాదు. పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 లో చెప్పింది. ఆమె నాలుగు రైడ్లూ కలిపి సరిగ్గా 300 నిమిషాలు. ఆ 300 నిమిషాలని కాపాడటం టూర్ కంటే ముఖ్యం.

అందుకని నా నిర్ణయం ఇలా పెట్టుకున్నాను. హద్దులు టూర్ పెట్టాలి, ఆ హద్దుల లోపల ఇష్టం పొద్దుటి రైడ్‌ది. ఎందుకంటే పొద్దుటి రైడ్ ఏ సైకిల్ మీదైనా జరిగిపోతుంది, పంక్చరైతే ఆటోలో ఇంటికి రావచ్చు. టూర్‌లో క్యారియర్ బిగించే చోటు లేకపోతే, గేరు చాలకపోతే, వెనక చక్రం పుల్లలు తెగితే దారి మధ్యలో చెయ్యగలిగింది చాలా తక్కువ.

హద్దులంటే ఏవి? గేరు చెప్పాను. తర్వాత క్యారియర్. ఫ్రేమ్‌కి వెనక ఇరుసు దగ్గరా సీటు కింది గొట్టాల మీదా మరలు బిగించే కన్నాలు ఉండాలి, రేస్ బైకుల్లో చాలావాటికి అవి ఉండవు. సీటు గొట్టానికి పట్టీతో వేలాడదీసే క్యారియర్లు దొరుకుతాయి గానీ కార్బన్ సీటు గొట్టానికి అవి వద్దు. ఆమె చూసిన రేస్ బైక్ ఇక్కడే పోయింది, ఎత్తు లెక్క దాకా కూడా వెళ్లనక్కర్లేదు.

మడమ సంగతి చాలామంది సైకిల్ కొనేశాక కనిపెడతారు. పెడల్ ఇరుసు నుంచి వెనక ఇరుసు దాకా ఉన్న గొట్టం రేస్ బైకుల్లో 41 సెం.మీ. అటూ ఇటూ, టూరింగ్ బైకుల్లో 44 నుంచి 46. అది పొట్టిగా ఉంటే ప్రతి చుట్టుకీ మడమ వెనక బ్యాగుకి తగులుతుంది. బ్యాగుని వెనక్కి జరిపితే బరువు ఇరుసు వెనక్కి పోయి సైకిల్ తోక ఊగుతుంది. గ్రావెల్ బైకులు సాధారణంగా 42.5 నుంచి 43.5 మధ్య ఉంటాయి. ఆమె పాదం చిన్నది, 43 ఉంటే చాలునని కొలిచి చూసుకున్నాం.

చక్రం. లోడ్‌లో అరవై శాతం పైనే వెనక చక్రం మీద పడుతుంది, అందులోనూ గేర్ల వైపు పుల్లలు ఎక్కువ బిగువులో ఉంటాయి, తెగితే అవే ముందు తెగుతాయి, అవి మార్చాలంటే గేర్ల సెట్టు ఊడదీయాలి. కాబట్టి వెనకైనా 32 పుల్లలు ఉండాలి. పాత హైబ్రిడ్ వెనక ఇరుసు విప్పి చూస్తే కొద్దిగా వంగి ఉంది. ఆ రకం హబ్బుల్లో (చక్రం నడిమి భాగాల్లో) గేర్లు మరలాగా తిప్పి బిగిస్తారు, బేరింగ్ లోపలికి ఉండిపోతుంది, ఇరుసులో కొంత భాగానికి కుడివైపు ఆసరా ఉండదు, లోడ్ వేసి గుంతల్లో తొక్కితే వంగుతుంది. గేర్ల సెట్టుని తొడిగి బిగించే ఫ్రీహబ్ రకంలో ఆ బేరింగ్ అంచు దాకా వస్తుంది. లోడ్ టూరింగ్‌కి పాత సైకిల్ చాలదని ఆమెకి పూర్తిగా నమ్మకం కుదిరింది ఆ వంగిన ఇరుసు చేతిలో పెట్టాకే.

సస్పెన్షన్ ఫోర్క్ గురించి ఒక్క ముక్క: చవక హైబ్రిడ్లకి వచ్చే ఫోర్క్ మామూలు దానికంటే కిలోకి పైగా బరువు, నిలబడి తొక్కితే ఊగుతుంది, కొన్నాళ్లకి పట్టేస్తుంది. రోడ్డు మీద దాని పని వెడల్పు టైరు ఇంకా బాగా చేస్తుంది. అక్కర్లేదు.

డ్రాప్ బార్ అవసరమా అన్నది వేళ్ల వల్లే కొంత తేలిపోయింది, ఎదురుగాలి మిగతాది తేల్చింది. మీరు గంటకి 20 కి.మీ. వేగంతో వెళ్తుంటే ఎదురుగా 15 కి.మీ. గాలి వీస్తే, ఒంటికి తగిలే గాలి 35. గాలి అడ్డు వేగానికి వర్గంగా పెరుగుతుంది, అంటే గాలి లేనప్పటి కంటే మూడు రెట్లు. అలాంటి గాలిలో నాలుగు గంటలు వెళ్లాల్సిన రోజు ఒళ్లు దించుకునే వీలు ఉండటం చాలా పెద్ద ఊరట. అయితే అందరికీ డ్రాప్ బారే అనను. మెడ వెనక్కి ఎత్తి ఉంచలేనివాళ్లకి, వాహనాల మధ్య నిటారుగా కూర్చుని చూసుకోవాల్సినవాళ్లకి, రోజుకి రెండు మూడు గంటలు దాటనివాళ్లకి బార్ ఎండ్స్ ఉన్న ఫ్లాట్ బార్ చక్కగా సరిపోతుంది. దాని మీద ప్రపంచం చుట్టినవాళ్లున్నారు. మాటకొస్తే 1884 లో బయల్దేరి 1886 కల్లా సైకిల్ మీద ప్రపంచం చుట్టిన థామస్ స్టీవెన్స్ తొక్కింది ముందు పెద్ద చక్రం ఉన్న పెన్నీ ఫార్తింగ్, గేర్లు అసలు లేవు.

హద్దులన్నీ కలిపితే దొరికిన సైకిల్: గ్రావెల్ రకం, అల్యూమినియం ఫ్రేమ్, ముందు 46, 30 పళ్ల చక్రాలు రెండు, వెనక 11 నుంచి 36 పళ్లు, డిస్క్ బ్రేకులు, క్యారియర్ కన్నాలు, ఖాళీగా పదిన్నర కిలోలు. ఫ్రేమ్ రీచ్ 370 మి.మీ., స్టాక్ 545. బొమ్మలో చూస్తే పాత దానికంటే పొట్టి సైకిల్‌లా ఉంటుంది, కానీ పైన చెప్పినట్టు ఫ్లాట్ బార్ రీచ్‌నీ డ్రాప్ బార్ రీచ్‌నీ పోల్చకూడదు. దానికి 70 మి.మీ. స్టెమ్, ముందుకి 70 మి.మీ. మాత్రమే సాగే 40 సెం.మీ. వెడల్పు హ్యాండిల్. చిన్న చేతులకి బ్రేక్ లివర్ దగ్గరికి తెచ్చే మర ఉంటుంది, అది తిప్పి పెట్టాం. చాలామంది ఆ మర ఉందని కూడా తెలియకుండా ఏళ్ల తరబడి వేళ్ల కొసలతో బ్రేకు వేస్తుంటారు.

బ్రేకుల్లో కేబుల్ డిస్కా, నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలికా అన్న దగ్గర టూరింగ్ చేసేవాళ్లు ఎక్కువమంది కేబుల్ అంటారు, ఎక్కడైనా బాగుచేసుకోవచ్చని. ఆ వాదనలో బలం ఉంది. కానీ చిన్న చేతులు, పొడుగు దిగుడు, వెనక లోడు, ఇప్పటికే నరం ఇబ్బంది ఉన్న మనిషి. గట్టిగా నొక్కే పని తగ్గించడమే ఆమెకి ముఖ్యమని హైడ్రాలిక్ వైపు మొగ్గాను. ప్యాడ్లు ఒక జత అదనంగా సంచిలో ఉండాలన్నది షరతు.

చిన్న సైజు ఫ్రేముల్లో ఇంకో చిక్కు ఉంది. చక్రం మాత్రం పెద్ద సైజుదే ఉండటంతో, నెమ్మదిగా మలుపు తిప్పేటప్పుడు బూటు కొస ముందు టైరుకి తగులుతుంది. ఎత్తు మీద గంటకి ఆరు కి.మీ. వేగంలో హ్యాండిల్ అటూ ఇటూ తిప్పుతూ బ్యాలెన్స్ చేసేటప్పుడు ఇది ప్రమాదం. సర్లీ డిస్క్ ట్రక్కర్ లాంటి టూరింగ్ బైకుల చిన్న సైజుల్లో అందుకే 26 అంగుళాల చక్రాలు వేస్తారు, కొన్ని గ్రావెల్ బైకుల్లో 650బి అనే కాస్త చిన్న చక్రాలు వేస్తారు. ఈ సైకిల్‌కి పెద్ద సైజు 700సి చక్రాలే, తగిలీ తగలనట్టు ఉంది. పెడల్ బిగించే చెయ్యి, అంటే క్రాంక్, పొడవు 170 నుంచి 165 మి.మీ. కి మార్పించాం. అర సెంటీమీటరే అయినా బూటుకి దారి దొరికింది, మోకాలు పైన తక్కువ వంగడం వల్ల ఆమెకి తొక్కడం కూడా నచ్చింది.

డబ్బు కట్టే ముందు ఒక పని చేయించాను, ఇది ఎవరికైనా గట్టిగా చెప్తాను. ఖాళీ సైకిల్ వీధి చివరి దాకా తొక్కి చూస్తే ఏమీ తెలియదు. క్యారియర్ బిగించి, రెండు వైపులా బ్యాగుల్లో నీళ్ల సీసాలు వేసి మొత్తం పన్నెండు కిలోలు చేసి, ఒక ఎత్తు ఎక్కి, దిగి, దిగేటప్పుడు ఒక్క క్షణం హ్యాండిల్ మీద పట్టు సడలించి చూడమన్నాను. ముందు భాగం వణికితే ఆ ఫ్రేమ్‌కి ఆ లోడ్ సరిపడటం లేదని అర్థం. వణకలేదు. మడమ తగల్లేదు. టూరింగ్ బైక్‌ని కూడా అదే లోడ్‌తో అదే దారిలో తొక్కించాను, న్యాయంగా ఉండాలి కదా. లోడ్‌తో అదే ఇంకా నిలకడగా ఉందని ఆమే చెప్పారు. తర్వాత రెండిటినీ ఖాళీగా తొక్కించాను. "రోజూ పొద్దున్నే తీయాలంటే ఇదేనండీ" అన్నారు గ్రావెల్ బైక్ చూపించి. ఆ మాటతో తేలిపోయింది. లోడ్ ఇరవై కిలోలు దాటే టూరో, నెలల తరబడి తిరిగేదో అయితే నేనే ఆమెని స్టీల్ టూరింగ్ బైక్ వైపు తోసేవాణ్ణి.

టైర్ల మీద కాస్త చర్చ జరిగింది. పొద్దుటికి 28, టూర్‌కి 40, మార్చుకుంటూ ఉంటానన్నారు. వినడానికి బాగుంటుంది, కానీ టైర్లు మార్చే పని వాయిదా పడుతుంది, ఆఖరికి తప్పు టైరుతో టూర్ మొదలవుతుంది. ఏడాదంతా 35 మి.మీ., నున్నటి టైరు ఉంచమన్నాను. మంచి మెత్తటి టైరు అయితే ఆ వెడల్పులో వేగం పెద్దగా తగ్గదు. గాలి మాత్రం లోడ్‌ని బట్టి మార్చాలి: పొద్దుట ముందు 40, వెనక 45 పీఎస్ఐ, బ్యాగులు వేస్తే వెనక 60. చాలామంది టైరు మీద రాసున్న గరిష్ఠ అంకె దాకా కొట్టేస్తారు. గరుకు రోడ్డు మీద దానివల్ల వేగం పెరగకపోగా అదురు అంతా చేతుల్లోకి వస్తుంది, ఈమె విషయంలో అదే పెద్ద సమస్య.

సామాను కూడా పన్నెండు కిలోలకి కుదించాం, పదహారు నుంచి. ఒళ్లూ సైకిలూ నీళ్లూ కలిపి మొత్తం 95 కిలోల లోపే వచ్చింది. పైన చెప్పిన ఏడు శాతం ఎత్తుకి, యాభై చుట్ల దగ్గర, దాదాపు 108 వాట్లు. ఆమె హాయిగా ఇవ్వగలిగే అంకె లోపల ఉంది. వేగం గంటకి అయిదున్నర కి.మీ. అంతకంటే తగ్గితే సైకిల్ నిలబెట్టడమే కష్టం, కాబట్టి ఇంతకంటే చిన్న గేరు ఉన్నా వేగం ఇంకా తగ్గించలేం, అది పెడల్ చుట్లు పెంచుకోవడానికే పనికొస్తుంది.

తర్వాత ఏమైంది? మొదటి నెలలో హ్యాండిల్ కిందికి ఉందని, మెడ పట్టేస్తోందని వచ్చారు. కొత్త డ్రాప్ బార్ మీద ఇది మామూలే. స్టెమ్ కింద ఇంకో రెండు రింగులు పెట్టి హ్యాండిల్‌ని సీటు ఎత్తుకి తెచ్చాం. హుడ్స్‌ని కొంచెం లోపలికి తిప్పడంతో మణికట్టు తిన్నగా వచ్చింది. వేళ్లు మొద్దుబారడం పొద్దుటి రైడ్లలో పోయింది. నాలుగు గంటలు దాటిన రైడ్లలో, అదీ రోడ్డు బాగా లేనిచోట, చిటికెన వేలు ఇంకా కొద్దిగా తెలుస్తుందంటున్నారు. హ్యాండిల్ టేపు కింద జెల్ పట్టీ వేశాం, పావుగంటకోసారి చేతులు మార్చడం అలవాటు చేసుకుంటున్నారు. సీటు మాత్రం రెండోసారి మార్చాల్సి వచ్చింది. కూర్చునే ఎముకల మధ్య దూరం కొలిచి కాస్త వెడల్పుది పెట్టాక కుదిరింది. సైకిల్‌తో వచ్చిన సీటు ఎవరికో సగటు కొలతకి చేసింది, అది సరిపోకపోతే సైకిలే సరిపోలేదని అనుకోకండి.

టూర్ చేసివచ్చారు. ఎత్తులన్నీ సైకిల్ మీదే ఎక్కారు, ఒక్కచోట తప్ప. అక్కడ వాలు పది శాతం దాటింది, రోడ్డు కూడా తవ్వేసి ఉంది. ఆ లెక్క కూడా వేశాం: అదే లోడ్, అదే గేరు, పది శాతానికి యాభై చుట్ల దగ్గర 150 వాట్లు. ఆమె ఇరవై నిమిషాల హద్దు అదే. తాజా కాళ్లతో ఒక పొట్టి ఎత్తు అయితే ఎక్కేసేవారు, ఆరో రోజు సాయంత్రం కాదు.

ఇప్పుడు వచ్చే టూర్‌కి గుడారం కూడా తీసుకెళ్తానంటున్నారు, అంటే లోడ్ మళ్లీ పదహారు అవుతుంది. రెండు పనులు మిగిలాయి. ఫోర్క్‌కి రెండు వైపులా మరల కన్నాలున్నాయి, తయారీదారు ఒక్కో వైపు మూడు కిలోలు దాటొద్దన్నారు. కాబట్టి గుడారం, పడక చుట్ట ముందుకి పంచి, వెనక పన్నెండు దాటకుండా చూసి, మళ్లీ నీళ్ల సీసాలతో దిగుడు మీద వణుకు పరీక్ష చేయాలి. వెనక గేర్ల సెట్టుని 40 పళ్లదానికి మార్చాలంటే ఇప్పుడున్న డీరేలర్ (గొలుసుని గేరు నుంచి గేరుకి జరిపేది) 36 దగ్గరే ఆగుతుంది, కాబట్టి డీరేలర్‌తో సహా మార్చాలా, లేక ముందు 30 తీసి ఇంకా చిన్నది పట్టే క్రాంక్ వేయాలా అన్నది చూస్తున్నాం. రెండోదే మేలని నా మొగ్గు, ఎందుకంటే వెనక గేర్ల మధ్య ఎడం పెరగకుండా ఉంటుంది, పొద్దుటి రైడ్‌లో ఆమెకి ఆ దగ్గరి గేర్లే ఇష్టం.